తుప్పు పట్టు వదిలించే విద్య

కదలని నట్టు ఎదుట కండబలం ఓడిపోతుంది. నూనె, వేడి, ఓర్పు కలసి పనిచేస్తే దశాబ్దాల పట్టు కూడా సడలుతుంది. పాత బండ్లు విప్పే ప్రతివారికీ ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా చరిత్ర నేర్పే పాఠం ఇదే.

ఖరగ్‌పూర్‌లో రైలు దిగినవారి కంట మొదట పడేది ఆ ఊరి నేల రంగు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో చాలాచోట్ల కనిపించే ఈ ఎర్రమట్టిని భూగర్భ శాస్త్రజ్ఞులు లాటరైటు అంటారు. దాని ఎరుపుకు కారణం ఇనుము గాలితోనూ నీటితోనూ కలసి ఏర్పడిన ఆక్సైడు. సామాన్యభాషలో చెప్పాలంటే అది తుప్పు. ఇనుము భూమిలో సహజంగా దొరికేది ఇంచుమించు ఆ రూపంలోనే. మానవుడు ఆ రాతిని బొగ్గుతో కలిపి కొలిమిలో కరగించి, దానిలోని ప్రాణవాయువును వెళ్ళగొట్టి, ఉక్కుగా మార్చి, ఇరుసులూ చక్రాలూ బోల్టులూ చేసుకుంటున్నాడు. కాస్త తేమ, కాస్త గాలి, కొంత అశ్రద్ధ తోడైననాడు ఆ ఇనుము మళ్ళీ తన పుట్టింటి దారి పడుతుంది.

అటువంటి నేల మీదనే, హౌరాకు 115 కిలోమీటర్ల దూరంలో, బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఒక బృహత్తరమైన కార్ఖానాను నెలకొల్పారు. ఆవిరి యంత్రాల కాలం గడచి డీజిలు, విద్యుత్ యంత్రాల కాలం వచ్చినా అక్కడ జరిగే పని స్వరూపం మారలేదు. అరిగి, మసిబారి, తుప్పుపట్టి వచ్చిన వాహనాన్ని విప్పడం, శుభ్రపరచడం, బాగుచేయడం, తిరిగి బిగించి పట్టాల మీదికి పంపడం. ఈ నాలుగింటిలో బయటివారికి బిగించడం కష్టంగా తోచవచ్చు. పనిలో ఆరితేరిన ఫిట్టరు మాత్రం విప్పడమే కష్టమంటాడు.

ఈ విద్యలో తెలుగువారి పాలు చిన్నది కాదు. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు రైలుమార్గం 1893-1896 సంవత్సరాల మధ్య వెలసింది. అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యం కిందికి వచ్చింది. దానితో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలవారికి ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ రైలుదారి మీది ఊరయింది. పొట్ట చేతబట్టుకొని వెళ్ళినవారు ఖలాసీలుగా చేరి, ఫిట్టర్లుగా, బాయిలరు పనివారుగా, మేస్త్రీలుగా ఎదిగారు. వారి సంతతివారు నేటికీ ఆ ఊళ్ళో ఉన్నారు. నింపురా, మధురాకాఠీ వంటి రైల్వే కాలనీలలోనూ గోల్‌బజారులోనూ తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. నానాభాషలవారు కలసి బ్రతికే ఆ పట్నాన్ని 'మినీ ఇండియా' అని పిలవడం పరిపాటి.

మాంచెస్టరు నుంచి వచ్చిన మహాకాయం

ఈ కార్ఖానా చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం ఒకటి 2006లో జరిగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే తన బరువైన గూడ్సు బండ్ల కోసం ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపు బేయర్ పీకాక్ కంపెనీచేత గారట్ అనే జాతి ఆవిరి యంత్రాలను చేయించింది. వీటిలో 'ఎన్' తరగతివి 230 టన్నులకు పైబడిన బరువుతో మన దేశంలో నడచిన ఆవిరి యంత్రాలన్నింటిలోకీ భారీవిగా పేరుపడ్డాయి. ముందొక చక్రాల సముదాయం, వెనకొక చక్రాల సముదాయం, ఆ రెండింటి నడుమ వంతెనవలె వ్రేలాడే బాయిలరు. అంత పొడవైన యంత్రం వంపు తిరిగే మార్గంలో పోగలగడానికి కారణం బాయిలరు చట్రానికీ చక్రాల సముదాయాలకూ మధ్యనున్న రెండు కీళ్ళు. ఆవిరిని మోసుకుపోయే గొట్టాలకు సైతం అటూ ఇటూ మెదలగల కీళ్ళుంటాయి.

ఆ తరగతికి చెందిన 811 నెంబరు యంత్రం సర్వీసు నుంచి విరమించి, దశాబ్దాల తరబడి కదలక మెదలక పడివుంది. దానిని ఖరగ్‌పూర్ కార్ఖానావారు పునరుద్ధరించి, 2006 నవంబరులో షాలిమార్, మేచేదాల మధ్య ప్రయాణికులతో నడిపించారు. నడవని యంత్రానికి రంగువేసి ప్రదర్శనశాలలో నిలబెట్టడం వేరు, దానిచేత ఆవిరి పీల్పించి పట్టాల మీద పరుగెత్తించడం వేరు. రెండవ దానికి కదలవలసిన ప్రతి కీలూ కదలాలి.

ఇటువంటి పనిలో ఒక చిక్కు ఉన్నది. బేయర్ పీకాక్ కంపెనీ 1966లోనే మూతపడింది. మన చిత్తరంజన్ కార్ఖానా 1972లో ఆవిరి యంత్రాల తయారీని ముగించింది. అంటే పాత యంత్రం విప్పేటప్పుడు తొందరపడి ఒక పోత ఇనుప భాగాన్ని పగులగొట్టుకుంటే, దాని జోడు కోసం ఉత్తరం వ్రాయడానికి చిరునామా లేదు. ఆ భాగాన్ని మళ్ళీ మూసలో పోయించాలి, లేదా ఆ యంత్రం మీద ఆశ వదులుకోవాలి. కనుకనే అనుభవజ్ఞుడైన పనివాడు పానా చేతబట్టక ముందు తనను తాను ఒక ప్రశ్న వేసుకుంటాడు: 'ఇక్కడ విలువైనది ఏది? ఈ బోల్టా, లేక ఈ బోల్టు పట్టుకొని ఉన్న వస్తువా?' తుప్పు వదిలించే విద్య అంతా ఈ ప్రశ్నకు చెప్పుకునే జవాబు మీద ఆధారపడి ఉంటుంది. వ్యాగను అడుగుభాగాన ఉన్న సాధారణ బోల్టును గ్యాసు మంటతో కోసి పారవేయడం తప్పు కాదు. క్రొత్తది చవకగా దొరుకుతుంది, సమయం కలసి వస్తుంది. కాని మళ్ళీ దొరకని పోతభాగంలో పాతుకుపోయిన బోల్టు దగ్గర ఆ దూకుడు పనికిరాదు.

ఇనుము ఎందుకు బిగుసుకుంటుంది?

బోల్టుకూ నట్టుకూ మధ్య మరచుట్లలో కంటికి కనబడని సందు ఉంటుంది. ఆ సందు లేకపోతే నట్టు తిరగనే తిరగదు. వాననీరు, గాలిలోని తేమ ఆ సందులోకి ప్రాకి, లోపలి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు స్వభావం ఏమిటంటే, అది తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దానిలో కలసిన నీటిని బట్టి ఈ పెరుగుదల రెండింతలు మొదలుకొని ఆరింతల దాకా ఉండవచ్చు. తప్పించుకొని పోయే దారిలేని ఆ పొడి సందులో క్రిక్కిరిసి, నాలుగు వైపులా ఒత్తి, మేకు దిగగొట్టినట్లు రెండు భాగాలనూ ఏకం చేసివేస్తుంది. ఇనుప ఊచలకు తుప్పుపట్టి కాంక్రీటు కప్పులు పెచ్చులూడటానికి కారణం కూడా ఇదే.

తుప్పు ఒక్కటే నేరస్థుడు కాదు. ఆవిరి యంత్రాల సిలిండర్లలో కాలి గట్టిపడిన నూనె, పొరలు పొరలుగా వేసిన రంగు, మొదట బిగించినవాని అతి ఉత్సాహం కూడా ఇందుకు తోడుపడతాయి. స్కూటర్లు, మోటారు సైకిళ్ళ విషయంలో మరొక ఇబ్బంది ఉన్నది. వాటి ఇంజను పెట్టె అల్యూమినియంది, దానిలో దిగిన బోల్టు ఉక్కుది. రెండు భిన్న లోహాలు తాకి ఉన్నచోట తేమ చేరితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడినట్లయి, అల్యూమినియం తినివేయబడి, తెల్లని పొడిగా మారి బోల్టును పట్టివేస్తుంది. సముద్రతీరపు ఉప్పుగాలి ఈ పనిని త్వరపెడుతుంది.

శత్రువు స్వభావం తెలిసిన తరువాత ఉపాయాలు వాటంతట అవే బోధపడతాయి. సామ దాన భేద దండోపాయాలని మన పెద్దలు రాజనీతిలో చెప్పిన వరుస తుప్పుపట్టిన బోల్టు విషయంలో కూడా అక్షరాలా వర్తిస్తుంది. ఆ వరుస తప్పి మొదటే దండోపాయానికి దిగడంవల్లనే బోల్టులు విరుగుతాయి, చేతులు గాయపడతాయి.

సామం: ముందు మర్యాదగా

మొట్టమొదటి పని శుభ్రపరచడం. బయటకు కనిపించే మరచుట్ల మీది మట్టి, రంగు, తుప్పు పెచ్చులను తీగ బ్రష్షుతో పూర్తిగా రాల్చాలి. నట్టు వెలుపలికి ప్రయాణం చేయవలసిన దారి అదే. దానిని ముళ్ళబాటగా ఉంచి నట్టును లాగడం అవివేకం.

రెండవది సరియైన పానా ఎన్నుకోవడం. ఇది పాత వాహనాల దగ్గర చాలామంది పొరపడే చోటు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆంగ్లేయుడు 1841లో బోల్టుల మరచుట్లకు ఒక ప్రమాణం ఏర్పరచాడు. బ్రిటిషువారు తయారుచేసిన రైలుయంత్రాలు, మోటారు వాహనాలు చిరకాలం అంగుళాల కొలతల మీదనే నడిచాయి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినా, ఖరగ్‌పూర్‌కు అంత దూరంలో లేని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్ కారు కూడా మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిషు నమూనా నుంచి వచ్చిందే గనుక, దాని తొలినాటి నట్లు అంగుళాల లెక్కవే. అర అంగుళం నట్టు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా తగిలిస్తే చూడటానికి సరిపోయినట్లే ఉంటుంది. బలం ప్రయోగించగానే ఆ కాస్త సందులో జారి నట్టు మూలలను గుండ్రంగా నలిపివేస్తుంది. మూలలు పోయిన నట్టుతో సామం ముగిసినట్లే. కొలత సరిపోయినా, నోరు తెరచి ఉండే పానా కంటె నట్టును ఆరు వైపులా చుట్టి పట్టుకునే పానా శ్రేష్ఠం.

మూడవది తిప్పవలసిన దిక్కు తెలుసుకోవడం. సైకిలు ఎడమ పెడలు మర సాధారణమైన మరకు వ్యతిరేకంగా తిరుగుతుంది. కొన్ని పాత మోటారు వాహనాలలో ఎడమవైపు చక్రాల నట్లు కూడా అంతే. ఇది ఎరుగక గంటల తరబడి పెనుగులాడేవాడు నిజానికి దానిని మరింత బిగిస్తున్నాడన్నమాట.

దానం: నూనెనూ కాలాన్నీ ఇవ్వాలి

తరువాత ఇవ్వవలసినది నూనె. చిక్కని నూనె ఇందుకు పనికిరాదు. పలుచగా ఉండి, సన్నని సందులలోకి తనంత తానుగా ప్రాకిపోగల ద్రవం కావాలి. దీపపు వత్తిలో నూనె పైకెగబ్రాకే గుణమే ఇక్కడా పనిచేస్తుంది. పూర్వం కార్ఖానాలలోనూ ఇళ్ళలోనూ కిరసనాయిలు, డీజిలు వాడేవారు. అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక చిన్న కంపెనీ 1953లో క్షిపణులకు తుప్పు పట్టకుండా, తేమను తొలగించగల ద్రవం కోసం ప్రయోగాలు చేసింది. నలభయ్యవ ప్రయత్నంలో ఫలించిన ఆ మిశ్రమమే డబ్ల్యూడీ-40 అనే పేరుతో నేడు ప్రతి మోటారు విడిభాగాల దుకాణంలోనూ దొరుకుతున్నది. బిగుసుకున్న మరలను విప్పడానికే ప్రత్యేకించి చేసిన నూనెలు కూడా వచ్చాయి.

అయితే నూనె కంటె ముఖ్యమైన దానం కాలం. ఈ సాయంత్రం నూనె వేసి, రేపు ఉదయం మరొకమారు వేసి, ఎల్లుండి పానా పట్టేవాని బోల్టు విరగడం అరుదు. వేసిన అయిదు నిమిషాలకే లాగేవాడు నూనెను వృథా చేసినట్లే. వీలైతే వాహనాన్నో భాగాన్నో నూనె మరలోకి దిగే విధంగా వంచి ఉంచడం మంచిది.

విడదీయగల చిన్న భాగాలయితే నానబెట్టవచ్చు. మన ఇళ్ళలో ఇత్తడి పాత్రలు తోమే చింతపండు పులుపు తుప్పును కూడా కరగించగలదు. వెనిగర్‌కూ ఆ గుణం ఉన్నది. చెరకు మడ్డిని నీటిలో కలిపి అందులో భాగాన్ని వారాల తరబడి ఉంచే పద్ధతి కూడా కద్దు. ఆమ్లంలో నానిన భాగాన్ని తరువాత సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటలలో క్రొత్త తుప్పు బయలుదేరుతుంది.

విద్యుత్తుతో తుప్పు వదిలించడం మరొక మార్గం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి చాకలి సోడా కలిపి, తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువానికీ, పనికిరాని మామూలు ఇనుప ముక్కను ధన ధ్రువానికీ తగిలిస్తే, తుప్పు క్రమంగా సడలి ఊడివస్తుంది. ఈ పనిలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. వెలువడే హైడ్రోజను వాయువు నిప్పు తగిలితే మండుతుంది గనుక ఆరుబయటనే చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను వాడరాదు. దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీటిలో కలుస్తుంది.

భేదం: రెండింటి మధ్య ఎడం కల్పించాలి

నూనె ప్రాకలేనంతగా సందు మూసుకుపోయినప్పుడు నట్టుకూ బోల్టుకూ మధ్య భేదం పుట్టించాలి. అందుకు రెండు సాధనాలున్నాయి. ఒకటి దెబ్బ, రెండవది వేడి.

దెబ్బ అంటే సమ్మెటతో మోదడం కాదు. తుప్పు గట్టిదే గాని పెళుసుది. బోల్టు తల మీద చిన్న సుత్తితో, మధ్యలో ఇత్తడి కడ్డీని అడ్డుపెట్టి, పదేపదే కొడితే ఆ అదురుకు లోపలి తుప్పు సూక్ష్మంగా పగులుతుంది. ఆ పగుళ్ళలోకి నూనె దిగుతుంది. నట్టుకు ఒకవైపు బరువైన సుత్తిని ఆనించి రెండవ వైపున మరో సుత్తితో కొట్టడం కమ్మరుల పాత పద్ధతి.

వేడి మర్మం పల్లెటూళ్ళలో పుట్టినవారికి క్రొత్త కాదు. బండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి ఆ పట్టాను చక్రం కంటె కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన పట్టాను పట్టకార్లతో చక్రం మీద దించి నీళ్ళు చల్లుతాడు. చల్లారిన పట్టా ముడుచుకొని కొయ్యచక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆవిరి యంత్రాల కాలంలో రైల్వే కార్ఖానాలు చక్రాల ఉక్కు పట్టాలను ఎక్కించింది ఈ పద్ధతిలోనే. అరిగిన పట్టాను ఊడదీసేటప్పుడు కూడా దానినే వేడిచేసి వదులు చేసేవారు.

నట్టును విప్పేటప్పుడు ఈ సూత్రాన్నే వాడుకోవాలి. వేడి నట్టుకు తగలాలి గాని బోల్టుకు తగలరాదు. ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం గల ఉక్కు నట్టును 300 డిగ్రీల మేర వేడిచేస్తే దాని రంధ్రం సుమారు 0.07 మిల్లీమీటరు పెరుగుతుంది. మామూలు కాగితం మందం కంటె కూడా తక్కువే. కాని తుప్పు బంధాన్ని తెంచడానికి ఆ మాత్రం చాలు. నట్టు కాస్త చల్లారిన తరువాత కొవ్వొత్తిని మరచుట్ల మొదట తాకిస్తే మైనం కరిగి లోనికి పీల్చుకోబడుతుంది. వేడి చేయడం, చల్లారనివ్వడం, మళ్ళీ వేడి చేయడం రెండు మూడు మార్లు సాగితే ఎంత మొండి తుప్పు అయినా పొడిపొడి అవుతుంది.

అల్యూమినియం వేడికి ఉక్కు కంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. కనుక స్కూటరు ఇంజను పెట్టెలో దిగిన బోల్టు కోసం మంట అవసరం లేదు. ఇంజను తెరచి లేనప్పుడు మరిగే నీటిలో తడిపిన గుడ్డలు ఆ పెట్టెకు చుట్టి వేడెక్కించినా తరచుగా ఫలితం కనిపిస్తుంది.

వేడితో చెలగాటం వద్దు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు నూనె గొట్టాలు, రబ్బరు భాగాలు, వాయువు నింపిన షాక్ అబ్జార్బరు ఉన్న చోట మంట ప్రాణాంతకం. నూనె చల్లిన వెంటనే మంట చూపరాదు. జింకు పూత ఉన్న బోల్టును కాలిస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. కొన్ని శుభ్రపరచే ద్రవాలలో క్లోరిను సమ్మేళనాలుంటాయి. అవి మంటకు తగిలితే విషవాయువు పుడుతుంది. ఒకసారి బాగా కాలిన బోల్టు తన పటుత్వాన్ని కోల్పోతుంది. దానిని తిరిగి వాడకూడదు.

చేతికి తెలిసే భాష

ఇంతా జరిగిన తరువాత గాని పానాకు బలం చూపే వేళ రాదు. అప్పుడు కూడా మొదట విప్పే దిక్కుకు కాక, బిగించే దిక్కుకు వెంట్రుకవాసి కదల్చి చూడాలి. తుప్పు బంధం ఏ దిక్కున తెగినా తెగినట్లే. 'టక్' మన్న శబ్దంతో చిన్న కదలిక వచ్చిందంటే సగం యుద్ధం గెలిచినట్లు. అక్కడినుంచి పావు చుట్టు విప్పడం, తిరిగి అరపావు బిగించడం, నూనె వేయడం. ఇలా ముందుకూ వెనుకకూ నడిపిస్తూ ఉంటే నలిగిన తుప్పు బయటకు వచ్చేస్తుంది. కదిలింది గదా అని ఒక్క ఊపున లాగితే ఆ పొడి మరచుట్లలో ఇరుక్కొని మళ్ళీ పట్టేస్తుంది. ఈసారి పట్టు మొదటిదానికంటె గట్టిది.

పానా పిడికి గొట్టం తొడిగి పొడవు పెంచితే బలం రెట్టింపు అవుతుంది. చేతికి తెలిసే స్పర్శ మాత్రం సగమవుతుంది. బోల్టు విరగబోయే ముందు ఒక హెచ్చరిక ఇస్తుంది. గట్టిగా ఎదురు నిలిచిన లోహం ఉన్నట్టుండి మెత్తగా, సాగుతున్నట్లుగా తిరుగుతుంది. అనుభవం లేనివాడు అది వదిలిందనుకొని సంతోషిస్తాడు. అనుభవజ్ఞుడు తక్షణం ఆపివేస్తాడు. అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు, మెలిపడుతున్నది బోల్టు. మళ్ళీ నూనె దగ్గరికీ వేడి దగ్గరికీ పోవలసిందే. ఈ తేడాను ఏ పుస్తకమూ పూర్తిగా నేర్పలేదు. ఖలాసీగా చేరినవాడు మేస్త్రీ ప్రక్కన ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకునేది ముఖ్యంగా దీనినే. ఆవిరి యంత్రాలతో పాటు ఆ తరం పనివారు కూడా తరలిపోతున్న ఈ రోజులలో, గారట్ వంటి యంత్రాన్ని మళ్ళీ నడిపించడంలో ఉన్న ప్రయోజనాలలో ఒకటి ఈ స్పర్శజ్ఞానం మరొక తరం చేతులకు అందడం.

దండం: కట్టకడపటి ఉపాయం

మూడు ఉపాయాలూ విఫలమైతే అప్పుడు దండం. ఇక్కడ కూడా దండించవలసినది చవకైనదానిని. నట్టును ఉలితో నిలువుగా చీల్చవచ్చు, హాక్సా బ్లేడుతో ఒక ప్రక్క కోయవచ్చు. నట్టు పోయినా బోల్టు మిగులుతుంది, బోల్టు పోయినా దానిని పట్టుకున్న భాగం మిగులుతుంది.

బోల్టు తల విరిగి మొండెం రంధ్రంలో ఉండిపోయినప్పుడు నిరాశపడనక్కరలేదు. మొండెం కాస్త బయటకు ఉంటే దాని మీద క్రొత్త నట్టునుంచి వెల్డింగు చేస్తారు. పానాకు పట్టు దొరకడమే కాక, వెల్డింగు వేడి లోపలి తుప్పును సడలిస్తుంది గనుక ఈ ఉపాయం చాలాసార్లు ఫలిస్తుంది. మొండెం లోపలే ఉండిపోతే సరిగ్గా నడిమధ్యన గుర్తు గిల్లి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, క్రమంగా పెద్ద డ్రిల్లులతో తొలుస్తారు. ఎడమ వైపు తిరిగే డ్రిల్లు వాడితే తొలిచేటప్పుడే మొండెం వెలికివచ్చే అవకాశం ఉంది. రంధ్రంలో దిగగొట్టి వెనక్కు తిప్పే ఎక్స్‌ట్రాక్టరు అనే పనిముట్టును మాత్రం మిక్కిలి మెలకువతో వాడాలి. అది అతి గట్టి ఉక్కుతో చేసినది. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దానిని తొలవలేదు.

వాకిట్లోని పాత బండి

ఈ విద్య రైలుయంత్రాలకే పరిమితం కాదు. ఎన్నో ఇళ్ళలో తండ్రిగారి స్కూటరో, తాతగారి మోటారు సైకిలో గోనెపట్టా కింద నిద్రపోతూ ఉంటుంది. దానిని మళ్ళీ నడపాలని ముచ్చటపడేవారు మొదట చేసే పొరపాటు కిక్కు రాడ్డును బలంగా తన్నడం. ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో పిస్టను సిలిండరు గోడకు అంటుకొని ఉండవచ్చు. ఆ తన్నుకు విరిగేది పిస్టను రింగో, గేరు పళ్ళో అవుతాయి. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొద్దిగా పలుచని నూనె పోసి, కొన్ని రోజులు వేచి ఉండాలి. తరువాత బండిని పై గేరులో పెట్టి వెనుక చక్రాన్ని చేతితో మెల్లగా ముందుకూ వెనుకకూ కదిలిస్తూ ఇంజను సడలినదీ లేనిదీ తెలుసుకోవాలి. స్పార్కు ప్లగ్గును తీసేటప్పుడు ఇంజను వేడిగా ఉండరాదు. మెత్తని అల్యూమినియం మరచుట్లు దానితో పాటే ఊడివచ్చే ప్రమాదం ఉన్నది.

విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీసుకోవడం, బోల్టులను ఏ రంధ్రానివి ఆ రంధ్రపు గుర్తుతో విడివిడిగా పొట్లాలు కట్టడం పని సగం తగ్గిస్తాయి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. పానాను వీలైనంతవరకు తనవైపు లాగాలే గాని అవతలికి నెట్టరాదు. ఉన్నట్టుండి వదిలినప్పుడు నెట్టిన చేయి వెళ్ళి లోహానికి కొట్టుకుంటుంది. బ్రేకులకూ స్టీరింగుకూ సంబంధించిన బోల్టులు ఎంత బాగా కనిపించినా క్రొత్తవి వేయడమే క్షేమం. అక్కడ పొదుపు చేసిన నాలుగు రూపాయలకు ప్రాణం తాకట్టు పెట్టవలసి వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు

ఎడ్లబండి తోలే రైతు ప్రయాణానికి ముందు ఇరుసుకు కందెన వేయడం మరచిపోడు. మోటారు వాహనాలను విప్పి బిగించేవారిలో మాత్రం చాలామంది ఆ పనిని ఉపేక్షిస్తారు. మరచుట్లను శుభ్రపరచి, గ్రాఫైటు గ్రీజో రాగిపొడి కలిపిన గ్రీజో పలుచగా పట్టించి, తగినంత మాత్రమే బిగిస్తే తేమకు లోపల చోటుండదు. నూనె తగిలిన బోల్టు పొడి బోల్టు కంటె సులభంగా బిగుస్తుంది గనుక బలం కాస్త తగ్గించడం అవసరం. ఒక్కొక్క బోల్టుకు ఈ పనికి పట్టే కాలం అర నిమిషం.

ఆ అర నిమిషం వల్ల మేలు పొందేది తరచుగా మరొకడు. నేడు బిగించినవాడు ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ బండి దగ్గర ఉండకపోవచ్చు. ఆనాడు పానా పట్టుకొని దాని ముందు కూర్చునేవాడు ఎవరో, ఏ భాష మాట్లాడేవాడో తెలియదు. అయినా నట్టు మొదటి ప్రయత్నంలోనే మెత్తగా తిరిగినప్పుడు, తనకు ముందు ఆ బండిని బాగుచేసినవాడు పని తెలిసిన మనిషని అతడికి అర్థమవుతుంది.